వేగ నియంత్రికల క్రమాంకనం: డ్రోన్ శిక్షణలో చేర్చవలసిన ప్రథమ పాఠం

డ్రోన్ శిక్షణ అనగానే సాధారణంగా రెండు నైపుణ్యాలు గుర్తుకు వస్తాయి. ఒకటి యంత్రాన్ని నేర్పుగా ఎగురవేయడం, రెండవది సిఫారసు చేసిన మోతాదులో మందును పిచికారి చేయడం. ఈ రెండింటికీ ఆధారంగా ఉండవలసిన నైపుణ్యం మరొకటి ఉంది. రిమోట్‌పై వేలు కదిలినప్పుడు ఆ ఆదేశాన్ని అన్ని మోటార్లూ ఒకే విధంగా గ్రహిస్తున్నాయా, లేదా అని పరీక్షించి సరిచేయడమే ఆ నైపుణ్యం. వాడుకలో దీనిని ఈఎస్‌సీ కాలిబ్రేషన్ అంటారు. తెలుగులో వేగ నియంత్రికల క్రమాంకనం అనవచ్చు. దీనికి ఖరీదైన పరికరాలు అక్కరలేదు. నాలుగు మోటార్ల చిన్న యంత్రంపై ఈ పని ఒక్క ప్రయోగ తరగతిలో పూర్తవుతుంది. అయినప్పటికీ ఇది ఎలక్ట్రానిక్స్ చదివినవారి పని అని భావించి వ్యవసాయ శిక్షణలో పక్కన పెట్టడం కద్దు.

ఈ భావన సరైనది కాదు. వ్యవసాయ విద్యార్థి, విస్తరణ శాస్త్రవేత్త, గ్రామస్థాయిలో డ్రోన్ సేవలందించే యువకుడు లేదా మహిళ, వీరందరూ కనీసం ఒక్కసారైనా స్వయంగా కూర్చిన చిన్న మల్టీరోటర్‌పై ఈ పనిని తమ చేతులతో చేయడం అవసరం. అది వారిని ఇంజినీర్లుగా మార్చడానికి ఉద్దేశించినది కాదు. ఎగురుతున్న యంత్రమంతా సక్రమంగా ఉన్నట్లేనన్న భ్రమను తొలగించడానికి ఇంతకంటే సులభమైన పాఠం లేదు.

అవసరం ఎందుకు పెరిగింది?

నమో డ్రోన్ దీదీ పథకం కింద 15,000 మహిళా స్వయం సహాయక సంఘాలకు డ్రోన్లు సమకూర్చాలని కేంద్ర ప్రభుత్వం లక్ష్యంగా పెట్టుకున్నది. డ్రోన్, దాని అనుబంధ పరికరాల ధరలో 80 శాతం, గరిష్ఠంగా 8 లక్షల రూపాయల వరకు సహాయం ఇందులో ఉన్నది. ఎంపికైన మహిళకు 15 రోజుల శిక్షణ నిర్దేశించారు. అందులో 5 రోజులు పైలట్ శిక్షణ, 10 రోజులు పోషకాలు, పురుగుమందుల పిచికారికి సంబంధించిన శిక్షణ. దీనితో పాటు విద్యుత్ పరికరాల మరమ్మతులు, బిగింపు పనుల పట్ల ఆసక్తి ఉన్న మరొక సభ్యురాలికి లేదా కుటుంబ సభ్యునికి డ్రోన్ సహాయకులుగా శిక్షణ ఇవ్వాలని పథకమే పేర్కొన్నది.

ఈ రెండవ వ్యక్తి పాత్రపై విశ్వవిద్యాలయాలు శ్రద్ధ వహించవలసి ఉన్నది. వరి పొట్టదశలో ఉండగా, మిరపలో తామర పురుగు ఉధృతి పెరుగుతుండగా డ్రోన్ మొరాయిస్తే, సేవా కేంద్రం నుండి నిపుణుడు వచ్చేవరకు పంట ఆగదు. లోపం ఏ భాగంలో ఉన్నదో గుర్తించి, దానిని సరైన మాటలలో ఫోనులో వివరించగలిగిన సహాయకురాలు ఉంటే మరమ్మతు కాలం తగ్గుతుంది. "యంత్రం ఊగుతున్నది" అని చెప్పడానికీ, "మూడవ మోటారుకు మిగిలిన వాటికంటే ఎక్కువ సంకేతం వెళ్తున్నది" అని చెప్పడానికీ ఎంతో తేడా ఉన్నది. రెండవ వాక్యం చెప్పగలగాలంటే వేగ నియంత్రిక ఏమి చేస్తుందో తెలిసి ఉండాలి.

వేగ నియంత్రిక పని చేసే తీరు

మల్టీరోటర్‌లో ప్రతి మోటారుకు ఒక వేగ నియంత్రిక ఉంటుంది. బ్యాటరీ నుండి వచ్చే ఏకముఖ విద్యుత్తును మూడు తీగల ద్వారా క్రమపద్ధతిలో మోటారు చుట్టలకు అందించి దానిని తిప్పడం దీని పని. ఎంత శక్తి అందించాలో ఫ్లైట్ కంట్రోలర్ నిర్ణయించి, విద్యుత్ పల్సుల రూపంలో తెలియజేస్తుంది. సంప్రదాయ పద్ధతిలో పల్సు పొడవే ఆదేశం. సుమారు 1,000 మైక్రోసెకన్ల పల్సు వస్తే ఆగి ఉండాలి. 2,000 మైక్రోసెకన్ల పల్సు వస్తే పూర్తి శక్తి ఇవ్వాలి. నడుమ ఉన్న పొడవులకు ఆ నిష్పత్తిలో శక్తి అందుతుంది.

చిక్కు ఈ రెండు హద్దుల దగ్గరనే వస్తుంది. అన్ని రేడియోలూ కచ్చితంగా 1,000 నుండి 2,000 వరకు పంపవు. అన్ని నియంత్రికలూ కర్మాగారం నుండి ఒకే హద్దులతో రావు. అందువల్ల "ఇది కనిష్ఠం, ఇది గరిష్ఠం" అని ప్రతి నియంత్రికకూ ఒకసారి చూపించి గుర్తుంచుకొనేలా చేయాలి. ఇదే క్రమాంకనం. త్రాసుపై ఖాళీ పాత్ర ఉంచి సున్నా చూపించడం, ఆ తరువాత తెలిసిన తూకపు రాయితో సరిచూడడం ఎటువంటివో ఇదీ అటువంటిదే.

పేరును బట్టి వేగ నియంత్రిక వేగాన్ని కొలిచి స్థిరంగా ఉంచుతుందని అనుకోవడం సహజం. సాధారణ నియంత్రికలు అలా చేయవు. అవి మోటారుకు అందే శక్తి పాలును మాత్రమే నిర్ణయిస్తాయి. ఆ శక్తికి మోటారు ఎంత వేగంతో తిరుగుతుందన్నది బ్యాటరీ వోల్టేజి, బేరింగుల స్థితి, పంకా రెక్కల ఆకృతి మొదలైన వాటిపై ఆధారపడి ఉంటుంది. క్రమాంకనం ఏమి చేయగలదో, ఏమి చేయలేదో అర్థం కావడానికి ఈ భేదం ముఖ్యం.

చిన్న తేడా, పెద్ద ఫలితం

ఒక ఉదాహరణను లెక్కతో పరిశీలించవచ్చు. నాలుగు మోటార్ల యంత్రంలో నియంత్రికలన్నిటినీ 1,000 నుండి 1,900 మైక్రోసెకన్ల పరిధికి క్రమాంకనం చేశారని, ఫ్లైట్ కంట్రోలర్ కూడా 1,900కు మించి పంపకుండా అమర్చారని అనుకుందాం. కొంతకాలానికి ఒక నియంత్రిక పాడై, దాని స్థానంలో కొత్తది బిగించారు. కొత్తది కర్మాగారపు హద్దులైన 1,000 నుండి 2,000తోనే ఉండిపోయింది.

ఇప్పుడు 1,450 మైక్రోసెకన్ల సంకేతం వెళ్లిందంటే, పాత మూడింటికి అది 50 శాతం. కొత్తదానికి 45 శాతం మాత్రమే. గరిష్ఠమైన 1,900 పంపినప్పుడు పాతవి 100 శాతం శక్తి ఇస్తే, కొత్తది 90 శాతం వద్ద ఆగిపోతుంది. అంటే ప్రతి ఆదేశాన్నీ అది పదింట తొమ్మిది వంతులుగానే గ్రహిస్తున్నది. వేగం ఈ నిష్పత్తిలోనే మారుతుందని సులభత కోసం భావిస్తే, ఆ మోటారు వేగం 10 శాతం తగ్గుతుంది. పంకా ఇచ్చే ఊర్ధ్వబలం వేగపు వర్గాన్ని అనుసరిస్తుంది కాబట్టి, 0.9ని 0.9తో హెచ్చించగా 0.81 వస్తుంది. అంటే వేగంలో 10 శాతం తేడా, బలంలో 19 శాతం తేడాగా పరిణమిస్తుంది.

ఇటువంటి యంత్రం నేల విడిచిన వెంటనే ఒక మూలకు ఒరిగిపోతుందని అనుకుంటాము. నిజానికి అలా జరగదు. అది చక్కగా లేచి, నిలకడగా నిలుస్తుంది. ఈ విషయంలో శిక్షణ ఇచ్చేవారు ఎక్కువగా శ్రద్ధ పెట్టవలసిన అంశం ఇదే.

లోపాన్ని కప్పిపుచ్చే సామర్థ్యం

ఫ్లైట్ కంట్రోలర్ యంత్రం వంపును నిరంతరం గమనిస్తూ, మోటార్లకు పంపే ఆదేశాలను సెకనుకు కొన్ని వందల సార్లు సవరిస్తుంది. ఒక మూల కిందికి దిగుతుంటే ఆ మూలనున్న మోటారుకు కొంచెం ఎక్కువ సంకేతం పంపుతుంది. పై ఉదాహరణలో మిగిలిన మోటార్లకు 1,450 సరిపోతే, కొత్త నియంత్రిక ఉన్న మోటారుకు 1,500 పంపి సమతూకం సాధిస్తుంది. చూసేవారికి యంత్రం నిటారుగానే ఉంటుంది. లోపం తొలగలేదు, దాని భారాన్ని కంట్రోలర్ మోస్తున్నది.

ఈ సవరణకు హద్దు ఉన్నది. గాలి వీచినప్పుడో, వేగంగా పైకి లేపినప్పుడో, మూడు మోటార్లకు 90 శాతం శక్తి అవసరమైతే వాటికి 1,810 పంపితే చాలు. లోపమున్న మోటారుకు అదే శక్తి కోసం 1,900 పంపాలి. అది గరిష్ఠ హద్దు. అంతకుమించి అవసరమైతే కంట్రోలర్ వద్ద పంపడానికి ఏమీ మిగలదు. అప్పుడు ఆ మూల కుంగుతుంది, లేదా యంత్రం తన చుట్టూ తాను తిరగడం ఆరంభిస్తుంది, లేదా సమతూకం కాపాడేందుకు ఎత్తు కోల్పోతుంది. ప్రశాంతమైన ఉదయం ఖాళీ మైదానంలో చేసిన పరీక్షలో నెగ్గిన యంత్రం, బరువుతో ఉన్నప్పుడు ఈదురుగాలిలో విఫలం కావడానికి ఇదొక కారణం.

పిచికారి డ్రోన్‌లో ఈ బరువు విషయం మరింత కీలకం. ఒక ఆరు మోటార్ల యంత్రం 10 లీటర్ల మందు ద్రావణంతో కలిపి 25 కిలోలు ఉన్నదనుకుంటే, ప్రతి మోటారూ సుమారు 4.2 కిలోలు మోయాలి. ట్యాంకు ఖాళీ అయ్యేసరికి అది 2.5 కిలోలకు తగ్గుతుంది. వర్గసూత్రం ప్రకారం ఖాళీ ట్యాంకుతో నిలవడానికి, నిండు ట్యాంకుతో అవసరమైన వేగంలో 77 శాతం చాలు. అంటే ఖాళీ ట్యాంకుతో జరిపిన పరీక్షలో మిగులు సామర్థ్యం పుష్కలంగా ఉంటుంది. లోపం బయటపడే అవకాశమే తక్కువ. నిండు ట్యాంకుతో, పైరుకు కొద్ది ఎత్తులో, మనుషులు గట్లమీద నిలబడి చూస్తుండగా అది బయటపడుతుంది.

క్రమాంకనంలో పాటించవలసిన వరుస

మొట్టమొదట పంకా రెక్కలన్నిటినీ తీసివేయాలి. ఈ నియమానికి మినహాయింపు లేదు. కారణం చెప్పకుండా నియమం మాత్రమే చెబితే విద్యార్థులు తొందరలో దానిని దాటవేస్తారు కాబట్టి కారణం కూడా చెప్పాలి. క్రమాంకనంలో థ్రాటిల్ పుల్లను గరిష్ఠంలో ఉంచి బ్యాటరీ కలుపుతారు. నియంత్రిక క్రమాంకన స్థితిలోకి వెళ్లకపోతే, అది ఆ సంకేతాన్ని పూర్తి వేగపు ఆదేశంగా స్వీకరించే ప్రమాదం ఉన్నది. 10 అంగుళాల పంకా నిమిషానికి 6,000 సార్లు తిరిగితే, రెక్క కొన వేగం సెకనుకు దాదాపు 80 మీటర్లు, అంటే గంటకు 280 కిలోమీటర్లకు పైమాటే. వేళ్లను రక్షించడానికి రెప్పపాటు సమయం కూడా దొరకదు.

రెండవది, రేడియో క్రమాంకనం ముందు పూర్తి కావాలి. రేడియో హద్దులు సరిగా లేకుండా నియంత్రికలకు హద్దులు నేర్పితే, తప్పుడు కొలబద్దతో పొలం కొలిచినట్లవుతుంది.

ఆర్డుపైలట్ వంటి సాఫ్ట్‌వేర్‌తో నడిచే యంత్రాలలో ఆ తరువాతి పని ఇలా సాగుతుంది. కంప్యూటరుకు కలిపిన యూఎస్‌బీ తీగను తీసివేయాలి. రిమోట్‌ను ఆన్ చేసి థ్రాటిల్‌ను గరిష్ఠానికి జరపాలి. బ్యాటరీ కలపాలి. ఫ్లైట్ కంట్రోలర్ దీపాలు రంగులు మారుతూ సిద్ధంగా ఉన్నట్లు సూచిస్తాయి. థ్రాటిల్‌ను కదల్చకుండా బ్యాటరీని విప్పి మళ్లీ కలపాలి; భద్రతా మీట ఉంటే దానిని నొక్కాలి. మోటార్ల నుండి బీప్ శబ్దాలు వస్తాయి. నియంత్రికలో శబ్దపేటిక ఏదీ ఉండదు; మోటారు చుట్టలలో విద్యుత్తును స్పందింపజేసి ఈ శబ్దం పుట్టిస్తారని విద్యార్థులకు చెప్పడం ఆసక్తికరంగా ఉంటుంది. గరిష్ఠం నమోదైనట్లు శబ్దం వినిపించగానే థ్రాటిల్‌ను కనిష్ఠానికి దించాలి. పొడవైన శబ్దం వస్తే కనిష్ఠం కూడా నమోదైనట్లే. ఆపై థ్రాటిల్‌ను కొద్దికొద్దిగా పెంచి మోటార్లన్నీ ఒకేసారి కదులుతున్నాయో లేదో చూసి, బ్యాటరీ విప్పాలి.

శబ్దాల వరుస తయారీదారును బట్టి మారుతుంది కాబట్టి నియంత్రికతో వచ్చిన సూచన పత్రాన్ని ముందుగా చదవాలి. క్రమాంకనానికి వీలులేకుండా హద్దులను స్థిరంగా ఉంచిన నియంత్రికలూ ఉన్నాయి. అలాగే ఫ్లైట్ కంట్రోలర్ మోటార్లకు పంపే కనిష్ఠ, గరిష్ఠ విలువలు నియంత్రికలు నేర్చుకున్న హద్దులతో సరిపోవాలి. ఒక నియంత్రికను మార్చినప్పుడు దానికి మాత్రమే కాక, అన్నిటికీ కలిపి మళ్లీ క్రమాంకనం చేయడం సరైన పద్ధతి.

కింది హద్దు కనిపిస్తుంది, పై హద్దు కనిపించదు

మోటార్లన్నీ ఒకేసారి తిరగడం మొదలుపెడితే పని ముగిసిందని భావించడం పరిపాటి. ఈ పరీక్ష కనిష్ఠ హద్దులో ఉన్న తేడాను మాత్రమే పట్టిస్తుంది. పై ఉదాహరణలో అన్ని నియంత్రికల కనిష్ఠమూ 1,000 మైక్రోసెకన్లే. అందువల్ల నాలుగు మోటార్లూ ఒకే క్షణాన కదులుతాయి; పరీక్షలో ఉత్తీర్ణమవుతాయి. లోపం గరిష్ఠ హద్దులో ఉన్నది. అది థ్రాటిల్ పెరిగేకొద్దీ పెరుగుతుంది.

దీనిని గుర్తించడానికి రెండు మార్గాలున్నాయి. మొదటిది, వ్యవసాయ ఇంజినీరింగ్ విభాగంలో ట్రాక్టరు పీటీఓ వేగాన్ని కొలవడానికి వాడే టాకోమీటరు. రెక్కలు తీసిన మోటారుపై చిన్న ప్రతిఫలన పట్టీ అంటించి, మోటార్లకు ఒకే మధ్యస్థ సంకేతాన్ని కొద్ది క్షణాలపాటు ఇచ్చి, ప్రతి మోటారు వేగాన్నీ నమోదు చేయవచ్చు. ఒకే రకం మోటార్లలో ఒకటి మిగిలినవాటికంటే స్పష్టంగా వెనుకబడితే కారణం వెదకాలి. రెండవది, ఎగిరిన తరువాత ఫ్లైట్ కంట్రోలర్‌లో మిగిలే నమోదు. ప్రతి మోటారుకు ఏ క్షణంలో ఎంత పల్సు వెళ్లిందో అందులో ఉంటుంది. గాలి లేని వేళ యంత్రాన్ని ఒకచోట నిలిపి ఉంచినప్పటి నమోదులో మూడు గీతలు 1,450 దగ్గర, ఒక గీత 1,500 దగ్గర కనిపిస్తే, కంటికి కనబడని లోపం కాగితంపై కనబడినట్లే. యంత్రం ఎంత బాగా ఎగిరిందన్న ప్రశ్న కంటే, అలా ఎగరడానికి కంట్రోలర్ ఎంత శ్రమించవలసి వచ్చిందన్న ప్రశ్న విలువైనది.

క్రమాంకనం చేయలేనివి

క్రమాంకనం సర్వరోగ నివారిణి కాదు. సంకేతాన్ని అన్ని నియంత్రికలూ ఒకే విధంగా అర్థం చేసుకొనేట్లు మాత్రమే అది చేస్తుంది. అరిగిన బేరింగు, అంచు చిట్లిన రెక్క, వంగిన మోటారు ఇరుసు, సరిగా పట్టని టంకం, ఒకవైపు మొగ్గిన బ్యాటరీ బరువు, వీటిలో దేనినీ అది సరిచేయదు. పల్సుల నమోదులో తేడా కనిపించినంత మాత్రాన నియంత్రికే దోషి అని నిర్ణయించరాదు. బరువు కేంద్రం జరిగినా అటువంటి తేడాయే వస్తుంది. ఆకులు పసుపు రంగుకు మారితే నత్రజని లోపమని వెంటనే యూరియా సిఫారసు చేయక, వేరునూ నేలనూ తేమనూ పరిశీలించే విస్తరణ శాస్త్రవేత్తకు ఈ జాగ్రత్త కొత్తది కాదు. లక్షణం ఒకటే అయినా కారణాలు అనేకం కావచ్చు.

ఇందులోనుండే ఒక హెచ్చరిక కూడా వెలువడుతున్నది. "క్రమాంకనం చేశాము" అన్న మాట "సురక్షితం" అన్న మాటకు పర్యాయపదం కారాదు. పనిని యాంత్రికంగా నేర్పితే ఆ ప్రమాదమే ఎక్కువ. కారణంతో సహా నేర్పినప్పుడే విద్యార్థి దాని హద్దులను కూడా గ్రహిస్తాడు.

వ్యవసాయ శాస్త్రానికి పరాయిది కాని క్రమశిక్షణ

కొలత సరిచూడడం వ్యవసాయ విద్యకు కొత్త కాదు. పిచికారి యంత్రం బూమ్‌పై ఉన్న ప్రతి నాజిల్ కిందా కొలజాడీ ఉంచి, నిమిషంపాటు వచ్చిన నీటిని కొలిచి, సగటుకు 10 శాతం మించి తేడా ఉన్న నాజిల్‌ను మార్చడం విద్యార్థులు నేర్చుకునే పాఠమే. ట్రాక్టరు విత్తన గొర్రును పైకెత్తి, చక్రాన్ని నిర్ణీత సంఖ్యలో తిప్పి, రాలిన విత్తనాన్ని తూచి, ఎకరాకు ఎంత పడుతుందో లెక్కించడమూ తెలిసినదే. అన్ని నాజిళ్లూ సమానంగా చిమ్మాలి, అన్ని గొట్టాలూ సమానంగా విత్తాలి, అన్ని మోటార్లూ ఆదేశాన్ని సమానంగా గ్రహించాలి. మూడింటి వెనుక ఉన్న సూత్రం ఒకటే.

అందువల్ల డ్రోన్ క్రమాంకనాన్ని ఎలక్ట్రానిక్స్ పాఠంగా కాక, పిచికారి యంత్రాల క్రమాంకనానికి కొనసాగింపుగా బోధించడం సముచితం. పరిశోధన కోణంలోనూ దీనికి ప్రయోజనం ఉన్నది. డ్రోన్ పిచికారిని చేతిపంపుతో పోల్చే ప్రయోగాలలో నాజిల్ రకం, ఎగిరే ఎత్తు, వేగం, ద్రావణ పరిమాణం నమోదు చేస్తారు. యంత్రం నిలకడ సక్రమంగా లేక ఎత్తు, దిశ మారుతూ ఉంటే బిందువుల విస్తరణ మారుతుంది. ప్రయోగానికి ముందు మోటార్ల సంకేతాలను సరిచూసిన వివరం కూడా నమోదైతే, ఫలితాలలోని తేడా పద్ధతిదా, యంత్రానిదా అన్న సందేహానికి తావు తగ్గుతుంది.

వినిపించే అభ్యంతరాలు

ఈ ప్రతిపాదనపై మూడు అభ్యంతరాలు సహజంగా వస్తాయి. మొదటిది, సాంకేతికత ముందుకు వెళ్లిందన్నది. డీషాట్ వంటి డిజిటల్ పద్ధతిలో ఆదేశం పల్సు పొడవుగా కాక సంఖ్యగా వెళ్తుంది. సంఖ్యను అన్ని నియంత్రికలూ ఒకే విధంగా చదువుతాయి కాబట్టి హద్దులు నేర్పవలసిన పని లేదు. ఇది వాస్తవమే. కానీ విద్యార్థులు తక్కువ ఖర్చుతో కూర్చే యంత్రాలలో పల్సు పద్ధతి నియంత్రికలు నేటికీ వాడుకలో ఉన్నాయి. డిజిటల్ నియంత్రికలు ఉన్న చోట కూడా మోటార్ల వరుస, తిరిగే దిశ, వేగాల సమానత్వం, ఎగిరిన తరువాతి నమోదు తనిఖీ చేయవలసిందే. హద్దులు నేర్పే మెట్టు తొలగింది. సరిచూసే బాధ్యత తొలగలేదు.

రెండవ అభ్యంతరం, రైతులకు అందే డ్రోన్లు ధ్రువీకరణ పొందినవి. వాటి లోపలి అమరికలను వాడుకదారు మార్చకూడదన్నది. ఈ అభ్యంతరం సబబైనది, దానిని గౌరవించాలి. ధ్రువీకృత యంత్రంలో నియంత్రికను మార్చడం, దాని హద్దులను సవరించడం తయారీదారు అధికారమిచ్చిన నిపుణుల పని. సరిగా ఈ కారణం చేతనే అభ్యాసానికి వేరొక యంత్రం కావాలి. 450 మిల్లీమీటర్ల చట్రం, నాలుగు చిన్న మోటార్లు, 10 అంగుళాల రెక్కలు, ఒక ఫ్లైట్ కంట్రోలర్‌తో కూర్చిన యంత్రం ఇందుకు సరిపోతుంది. మనిషి దేహానికి చికిత్స చేసే ముందు వైద్య విద్యార్థి ప్రయోగశాలలో నేర్చుకున్నట్లే, పొలంలోని యంత్రాన్ని అర్థం చేసుకోవడానికి బల్లపై యంత్రం అవసరం.

మూడవది, ఇప్పటికే నిండిన పాఠ్యప్రణాళికలో చోటు లేదన్నది. కోరుతున్నది కొత్త కోర్సు కాదు. వ్యవసాయ యంత్రాల ప్రయోగ తరగతులలో ఒకటి, కృషి విజ్ఞాన కేంద్రాల డ్రోన్ శిక్షణలో ఒక పూట చాలు.

చట్టం, హద్దులు

ఇంట్లో లేదా ప్రయోగశాలలో కూర్చిన డ్రోన్ నేర్చుకోవడానికే. దానికి ట్యాంకు బిగించి పురుగుమందు చల్లడానికి పూనుకోరాదు. పురుగుమందుల పిచికారికి డ్రోన్ల వినియోగంపై కేంద్ర వ్యవసాయ శాఖ 2021 డిసెంబరులో ప్రామాణిక కార్యవిధానాన్ని వెలువరించింది. దానిని అనుసరించి, ధ్రువీకృత యంత్రాలతో, శిక్షణ పొందిన పైలట్లే ఆ పని చేయాలి. 2021 ఆగస్టులో వచ్చిన డ్రోన్ నియమాలు 250 గ్రాములకు మించి 2 కిలోల వరకు ఉన్న యంత్రాలను మైక్రో తరగతిగా, 2 కిలోలకు మించి 25 కిలోల వరకు ఉన్నవాటిని చిన్న తరగతిగా విభజించాయి. పైన చెప్పిన అభ్యాస యంత్రం సాధారణంగా మైక్రో తరగతిలోకి వస్తుంది.

అవే నియమాలు ప్రభుత్వ గుర్తింపు పొందిన విద్యా సంస్థలకు పరిశోధన, అభివృద్ధి, పరీక్షల నిమిత్తం కొన్ని మినహాయింపులు ఇచ్చాయి. అయితే ఆ పని గ్రీన్ జోన్‌లో, సంస్థ సొంత ఆవరణలో లేదా దాని ఆధీనంలోని బహిరంగ ప్రదేశంలో జరగాలి. వ్యవసాయ విశ్వవిద్యాలయాలకు విశాలమైన క్షేత్రాలున్నాయి. గ్రామంలోని యువకుడు తన ఇంటి ముందు చేసే సాహసాన్ని, విద్యార్థి పర్యవేక్షణలో సురక్షితంగా చేసే అవకాశం ఈ సంస్థలకే ఉన్నది. ఆసక్తి ఉన్న యువత ఎలాగూ యంత్రాలు కూర్చుతూనే ఉంటారు. వారికి సరైన వరుస నేర్పే చోటు లేకపోతే, నష్టపోయేది వారి వేళ్లు, పక్కవారి పంట.

ఆచరణకు ఒక రూపం

ప్రతి వ్యవసాయ కళాశాల, వ్యవసాయ పాలిటెక్నిక్, కృషి విజ్ఞాన కేంద్రంలో ఒక అభ్యాస మల్టీరోటర్ ఉండాలి. విద్యార్థులు నలుగురేసి బృందాలుగా రెక్కలు తీయడం నుండి నమోదు చదవడం వరకు అన్ని మెట్లూ స్వయంగా చేయాలి. బోధకుడు ముందుగానే ఒక నియంత్రిక గరిష్ఠ హద్దును మార్చి ఉంచి, ఏ మోటారులో లోపమున్నదో కనిపెట్టమని అడగాలి. మోటార్లన్నీ ఒకేసారి కదలడం చూసి యంత్రం సక్రమంగా ఉన్నదని తీర్పు చెప్పిన బృందం, టాకోమీటరు అంకెలు చూసి తన తీర్పును మార్చుకోవలసి వస్తుంది. ఆ అనుభవం పదిసార్లు ఉపన్యాసం విన్నదానికంటే గట్టిగా నిలుస్తుంది.

దీనికి తోడు యంత్రానికొక పుస్తకం ఉండాలి. క్రమాంకనం చేసిన తేదీ, హద్దుల విలువలు, మార్చిన భాగాలు, ప్రతి మోటారు వేగం, నిలకడగా ఉన్నప్పటి పల్సులు అందులో రాయాలి. డ్రోన్ సహాయకులకు ఇచ్చే శిక్షణలో హద్దులు మార్చే పని నేర్పకపోయినా, ఈ పుస్తకం రాయడం, నమోదులో ఒక మోటారు మిగిలినవాటికి భిన్నంగా ఉన్నదని గుర్తించడం, అలా గుర్తించినప్పుడు యంత్రాన్ని నేలపైనే ఉంచి సేవా కేంద్రానికి తెలపడం తప్పక నేర్పాలి.

గ్రామీణ కృషి అనుభవ కార్యక్రమానికి వెళ్లే విద్యార్థి ఇకముందు రైతుల పొలాలలో డ్రోన్లను చూస్తాడు. రైతు అతనిని మందు మోతాదు గురించి ఒక్కటే అడగడు. నిన్న బాగా ఎగిరిన యంత్రం నేడు నిండు ట్యాంకుతో ఎందుకు కుంగిందని కూడా అడుగుతాడు. ఆ ప్రశ్నకు సమాధానం వెదకడం ఎక్కడ మొదలుపెట్టాలో తెలియాలంటే, అంతకుముందే కళాశాల బల్లపై రెక్కలు తీసిన ఒక చిన్న యంత్రంతో అతడు ఒక పూట గడిపి ఉండాలి.